అన్నీ 'ఆర్'లే ఉన్న రిపోర్టు: వైరస్ నిమ్ములోకి బ్యాక్టీరియా ఎక్కణ్ణుంచి వస్తుంది?

2021 మే నెలలో ఒక రాత్రి, పదకొండు దాటాక, మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. బాబాయి కోవిడ్ నిమ్ముతో ఆసుపత్రిలో చేరి అప్పటికి పదకొండు రోజులు. వెంటిలేటర్ మీద పెట్టి ఆరు రోజులు. ఆ ఫొటో కఫం కల్చర్ రిపోర్టుది, అంటే కఫంలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షది. పైన 'క్లెబ్సియెల్లా న్యుమోనియే' అని ఒక బ్యాక్టీరియా పేరు ఉంది. కింద వరసగా యాంటీబయాటిక్‌ల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక అంకె, ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని.

వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, దీంట్లో అన్నీ ఆర్‌లే ఉన్నాయి. ఒక్క కొలిస్టిన్ దగ్గరే ఐ అని ఉంది. ఐ అంటే ఏంటి? అయినా నాన్నకి వచ్చింది కరోనా కదా, మధ్యలో ఈ క్లెబ్సియెల్లా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నేను కొన్నేళ్లు మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు నా ఫోనే మోగుతుంది. ఆ రాత్రి హడావిడిగా, ముక్కలు ముక్కలుగా చెప్పిందాన్ని ఇక్కడ తీరిగ్గా చెప్తాను. వాడి రెండో ప్రశ్నతో మొదలుపెట్టాలి. అది తేలితే తప్ప మొదటిదానికి జవాబు దొరకదు.

మన ముక్కూ గొంతూ ఎప్పుడూ ఖాళీగా ఉండవు. న్యుమోకాకస్, హీమోఫిలస్, స్టాఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు చాలామందిలో గొడవ చేయకుండా అక్కడే కాపురం ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి దిగకుండా శ్వాసనాళం గోడల మీద సన్నటి నూగు, ఆ నూగు మీద ఎప్పుడూ పైకి జరుగుతుండే జిగురు పొర కాపలా కాస్తుంటాయి. ఫ్లూ వైరస్ ఈ పొరను ఒలిచేస్తుంది. దాని దగ్గరున్న న్యూరామినిడేస్ అనే ఎంజైము మన కణాల మీద ఉండే సియాలిక్ ఆమ్లాన్ని కత్తిరించేస్తుంది. దాంతో న్యుమోకాకస్ అతుక్కోవడానికి కొత్త చోట్లు బయటపడతాయి. పైగా వైరస్‌తో పోరాడటానికి శరీరం వదిలే ఇంటర్‌ఫెరాన్లే బ్యాక్టీరియాను మింగే కణాల జోరును తగ్గిస్తాయి. వీధి చివర దొంగను తరుముతూ పోయిన వాచ్‌మన్ మన గేటు తీసి వదిలేసినట్టు.

ఇదంతా జరగడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఫ్లూ తర్వాత వచ్చే బ్యాక్టీరియా నిమ్ముకు ఒక పద్ధతి ఉంది. జ్వరం తగ్గుతుంది, మనిషి లేచి తిరుగుతాడు, హమ్మయ్య అనుకునే లోపు వారం అటూ ఇటుగా మళ్లీ వణుకు, జ్వరం, పసుపు రంగులోనో తుప్పు రంగులోనో కళ్లె. పాత తరం డాక్టర్లు ఈ 'తగ్గి తిరగబెట్టడం' వింటేనే సగం రోగం గుర్తుపట్టేవాళ్లు.

1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటి 58 మంది పోస్ట్‌మార్టమ్‌లలో తీసి భద్రపరచిన ఊపిరితిత్తుల ముక్కలను తొంభై ఏళ్ల తర్వాత అమెరికా పరిశోధకులు మైక్రోస్కోప్ కింద మళ్లీ చూశారు. దాదాపు అన్నిట్లోనూ బ్యాక్టీరియా నిమ్ము గుర్తులున్నాయి. వైరస్ దారి తెరిస్తే ఎక్కువమందిని చంపింది వెనకే వచ్చిన బ్యాక్టీరియా అని 2008లో తేల్చారు. 2009 స్వైన్ ఫ్లూలోనూ ఈ కథ పూర్తిగా పోలేదు. అమెరికాలో చనిపోయిన 77 మంది నమూనాలు పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా కూడా దొరికింది.

ఇక్కడో చిన్న పిట్టకథ. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, ఫ్లూకు కారణం ఇదేనని ప్రకటించాడు. అసలు వైరస్ 1933 దాకా మనిషిలో దొరకలేదు. అప్పటికే ఆ అమాయక బ్యాక్టీరియాకు 'హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే' అన్న పేరు స్థిరపడిపోయింది. అమాయక అన్నాను గానీ, అదీ నిమ్ము తెచ్చేదే, ఫ్లూ మాత్రం తేదు. దాన్ని మిగతా క్రిముల నుంచి వేరుచేసి పెంచడం ల్యాబుల్లో పెద్ద తలనొప్పిగా ఉండేది. 1929లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ గురించి రాసిన మొట్టమొదటి పేపర్ శీర్షికలోనే ఈ బ్యాక్టీరియాను వేరుచేయడానికి ఆ బూజు రసం ఎలా పనికొస్తుందో చెప్తున్నట్టు ఉంటుంది. ప్రపంచాన్ని మార్చిన మందు ముందుగా ల్యాబులో కలుపు తీసే పనికి దిగింది.

ఈ చరిత్రంతా తలలో పెట్టుకున్న డాక్టర్ల ముందుకి 2020లో కోవిడ్ వచ్చింది. వైరస్ నిమ్ము కాబట్టి వెనకే బ్యాక్టీరియా వస్తుందని అనుకోవడంలో తప్పేమీ లేదు. ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఎగదన్నడం, రెండో వారంలో హఠాత్తుగా ఆయాసం, అన్నీ ఆ అనుమానాన్నే బలపరిచాయి. కానీ లెక్కలు తీస్తే కథ వేరేగా ఉంది. 2020లో అప్పటికి వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చిన ఒక సమీక్షలో, ఆసుపత్రిలో చేరేనాటికే బ్యాక్టీరియా ఉన్నవాళ్లు 3.5 శాతం. చేరిన తర్వాత అంటుకున్నవాళ్లు 14.3 శాతం. కోవిడ్‌లో రెండో వారం ఆయాసానికి ఎక్కువగా కారణం మన రోగనిరోధక వ్యవస్థే కట్టు తప్పి రేపిన వాపు. అది స్టెరాయిడ్‌కు తగ్గుతుంది, యాంటీబయాటిక్‌కు తగ్గదు.

ఆ సమీక్షలోని రెండు అంకెలు మామూలుగా ఒకే మాట కింద కలిసిపోతాయి. 'కోవిడ్‌తో పాటు ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చిందట' అంటాం. నిజానికి ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది ఇంటి నుంచి మనతో వచ్చేది. న్యుమోకాకస్ లాంటి వీధి బ్యాక్టీరియా చేసే పని, చాలావరకు పాత మందులకే లొంగుతుంది. రెండోది ఆసుపత్రి ఇచ్చేది. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ అన్నవి ఆ జాతి. వీటికి మందులంటే భయం లేదు. అందుకే కల్చర్ రిపోర్టు చేతికొస్తే నేను మందుల పట్టిక కంటే ముందు తేదీ చూస్తాను. శాంపిల్ తీసింది చేరిన మొదటి రెండు రోజుల్లోనా, ఆ తర్వాతా? గొంతులోకి వెంటిలేటర్ గొట్టం వేశాక ఎన్నో రోజున? గొట్టం వేసిన 48 గంటల తర్వాత మొదలైన నిమ్మును వెంటిలేటర్ నిమ్ము అని విడిగా లెక్కేస్తారు. బాబాయిది ఆ హద్దు దాటాక తీసిన శాంపిలే.

ఆ గొట్టం చేసే పని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అది లేకపోతే మనిషి బతకడు. కానీ దగ్గు ఆగిపోతుంది, నూగు పనిచేయదు, గొంతులో పేరుకున్న ఉమ్మి గొట్టం చుట్టూ బొట్టు బొట్టుగా కిందికి జారుతుంది. గొట్టం లోపలి గోడకు నూతిలో నాచు పట్టినట్టు బ్యాక్టీరియా పొర పట్టుకుంటుంది. దానికి తోడు స్టెరాయిడ్లు, షుగరు పెరగడం. 2021లోనైతే ఒక్కో నర్సుకు లెక్కకు మించిన పేషెంట్లు. పీపీఈ సూటు నర్సునైతే కాపాడింది గానీ, అదే సూటుతో ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి వెళ్తే క్రిమి కూడా వెంట వెళ్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో పది ఆసుపత్రుల్లో 17,534 మంది కోవిడ్ పేషెంట్లను చూసింది. చేరాక కొత్తగా ఇన్‌ఫెక్షన్ అంటుకున్నవాళ్లు 3.6 శాతమే. కానీ వాళ్లలో 56.7 శాతం మంది చనిపోయారు. మొత్తం పేషెంట్లలో మరణాలు 10.6 శాతం. దొరికిన క్రిముల్లో మొదటి స్థానం క్లెబ్సియెల్లాది, రెండోది అసినెటోబాక్టర్‌ది. ఇంటి నుంచి వచ్చే న్యుమోకాకస్ ఈ ముందు వరసలో లేదు. ఆ మరణాలన్నీ బ్యాక్టీరియా వల్లనే అనడానికి లేదు. బాగా సీరియస్ అయినవాళ్లే ఐసీయూలో ఎక్కువ రోజులు ఉంటారు, వాళ్లకే ఇవి అంటుకుంటాయి. అయినా ఆ తేడాను తేలిగ్గా తీసిపారేయలేం.

అంటే అవసరం పడింది కొద్దిమందికి. మరి మందు ఎంతమందికి పడింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో యాంటీబయాటిక్ అవసరమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్నది 8 శాతం మందికి. యాంటీబయాటిక్ ఇచ్చింది నలుగురిలో ముగ్గురికి. మన దేశంలో 2020 జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్రైవేటు అమ్మకాల మీద వచ్చిన ఒక అధ్యయనం, కోవిడ్ వల్ల దాదాపు 21.6 కోట్ల యాంటీబయాటిక్ డోసులు, అందులో 3.8 కోట్ల అజిత్రోమైసిన్ డోసులు అదనంగా అమ్ముడయ్యాయని అంచనా వేసింది. ఆ రోజుల్లో మెడికల్ షాపులో 'కోవిడ్ కిట్' అంటే అజిత్రోమైసినో డాక్సీసైక్లినో లేకుండా ఉండేది కాదు. డాక్సీసైక్లిన్ పేరొచ్చింది కాబట్టి ఒక మాట. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడే అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ చేతిలో బయటపడింది.

అజిత్రోమైసిన్ కోవిడ్‌లో పనిచేస్తుందా అన్నది బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ సూటిగా పరీక్షించింది. ఆసుపత్రిలో ఉన్న 7,763 మందిలో కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. రెండు గుంపుల్లోనూ చనిపోయింది 22 శాతమే. ఫలితం 2021 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ప్రిస్క్రిప్షన్‌లు మాత్రం ఏమీ మారలేదు. డాక్టర్లనే తప్పుపట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. కల్చర్ ఫలితానికి రెండు రోజులు పడుతుంది. ఎదురుగా మనిషి ఆయాసపడుతుంటే, 'పరీక్ష రానివ్వండి' అని చేతులు కట్టుకు కూర్చోవడం ఎవరికైనా కష్టమే. మొదలుపెట్టడం కంటే, రెండు రోజుల తర్వాత ఆపకపోవడం దగ్గర నాకు కోపం వస్తుంది.

ఎందుకంటే మొదటి రోజు వేసిన ఆ మందు ఊరికే పోదు. గొంతులోనూ పేగుల్లోనూ ఉన్న మామూలు బ్యాక్టీరియాను అది తుడిచేస్తుంది. ఖాళీ అయిన ఆ ఇంట్లోకి ఐసీయూలో తిరుగుతున్న మొండి రకాలు వచ్చి చేరతాయి. వారం తర్వాత గొంతులో ఉన్నదే గొట్టం వెంట దిగుతుంది. మొదటి జబ్బుకు భయపడి వేసిన మందే రెండో జబ్బుకు పరుపు పరుస్తుంది.

ఇప్పుడు రిపోర్టు దగ్గరికి వద్దాం. దాని మీద ఒక అక్షరం పడాలంటే ల్యాబులో ఏం జరుగుతుందో చూస్తే సగం గందరగోళం పోతుంది.

కఫం రాగానే ముందు ఒక చుక్కను స్లైడు మీద పూసి రంగు వేసి చూస్తారు. చీము కణాలు ఎక్కువగా, నోటి చర్మం కణాలు తక్కువగా ఉంటే అది ఊపిరితిత్తుల నుంచి వచ్చిన అసలైన కళ్లె. తిరగబడితే అది ఉత్త ఉమ్మి. దాన్ని పెంచితే నోట్లో ఉన్నవన్నీ పెరుగుతాయి, అర్థం ఉండదు. తర్వాత బ్యాక్టీరియా పెరగడానికి గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీదా, మెకాంకీ అనే ఇంకో రకం ప్లేటు మీదా ఆ కళ్లెతో గీతలు గీసి, ఒక రాత్రంతా 35 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. పొద్దున తీస్తే క్లెబ్సియెల్లా మెకాంకీ మీద గులాబీ రంగులో లావుపాటి జిగురు బొట్లలా ఉంటుంది. కొన్ని రకాలను లూప్ అనే సన్నటి తీగతో తాకి పైకెత్తితే పాకం తీగలా సాగుతుంది. సూడోమోనాస్ అయితే ప్లేటు మూత తీయగానే ద్రాక్షపండ్ల వాసన.

ఆ బొట్టును నీళ్లలో కలిపి ఇంకో ప్లేటంతా పరిచి, మీద మందు పట్టించిన కాగితపు బిళ్లలు పెడతారు. ఒక్కోటి 6 మిల్లీమీటర్లు, మామూలు బొట్టుబిళ్లంత. మర్నాటికి ప్లేటంతా తెల్లగా పచ్చిక మొలిచినట్టు బ్యాక్టీరియా పెరుగుతుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగులుతుంది. దాన్ని స్కేలు పెట్టి కొలుస్తారు. పనిచేయని మందైతే పచ్చిక బిళ్ల అంచు దాకా వచ్చి ఆనుకుంటుంది. వలయం ఇంత దాటితే ఎస్, ఇంతకు తగ్గితే ఆర్, మధ్యలో ఐ. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో ఈ పని మెషిన్లే చేసి, బ్యాక్టీరియాను ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో అంకెగా ఇస్తాయి. దాన్నే ఎంఐసీ అంటారు.

ఈ అంకెల దగ్గర ఇళ్లల్లో జరిగే పొరపాటు ఒకటుంది. ఒక మందుకు 2 అని, ఇంకోదానికి 8 అని ఉంటే 2 ఉన్నదే గట్టి మందనుకుంటారు. అలా పోల్చకూడదు. ఒక్కో మందుకు హద్దు వేరు. ఒకదానికి 8 అంటే బ్రహ్మాండంగా పనిచేస్తుందని, ఇంకోదానికి 2 అంటే పనికిరాదని అర్థం కావచ్చు.

ఆర్‌లన్నీ ఒకే బరువు కాదు. క్లెబ్సియెల్లాకు ఆంపిసిలిన్ పక్కన ఆర్ ఉంటే కంగారు పడక్కర్లేదు. అది పుట్టుకతోనే ఆంపిసిలిన్‌కు లొంగదు. మెరోపెనెం పక్కన ఆర్ ఉంటేనే గుండె జారుతుంది. ఐసీఎంఆర్ ఏటా ఇచ్చే నివేదికల్లో ఈ మధ్య అసినెటోబాక్టర్ నమూనాల్లో పదింట తొమ్మిది దాకా మెరోపెనెంకు లొంగడం లేదు. క్లెబ్సియెల్లాలో సగానికి పైగా అదే పరిస్థితి. ఒకప్పుడు అన్నిటికంటే పైన అటక మీద దాచుకున్న మందు అది.

ఎస్ ఉన్నా పని జరుగుతుందన్న పూచీ లేదు. డాప్టోమైసిన్ అనే మందు ప్లేటు మీద స్టాఫిలోకాకస్‌ను చక్కగా చంపుతుంది, రిపోర్టులో ఎస్ వస్తుంది. కానీ ఊపిరితిత్తుల లోపల గాలి సంచులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆ మందును పట్టి పనికిరాకుండా చేస్తుంది. కాబట్టి రక్తంలో ఇన్‌ఫెక్షన్ అయితే వాడొచ్చు, నిమ్ముకు వాడకూడదు. ప్లేటుకు ఊపిరితిత్తులుండవు మరి.

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. ప్లేటు మీద పెరిగిన క్రిమి జబ్బు చేస్తున్నదేనా, ఊరికే గొట్టంలో కూర్చున్నదా అన్నది ఏ అక్షరమూ చెప్పదు. కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల గొట్టంలోంచి తీస్తే ఏదో ఒకటి పెరగడం మామూలే. కొత్తగా జ్వరం వచ్చిందా, ఆక్సిజన్ ఎక్కువ పెట్టాల్సి వస్తోందా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ ఉందా అన్నవి చూడాలి. కోవిడ్‌లో ఆ ఆధారాలూ తికమక పెట్టాయి. సీఆర్‌పీ వైరస్‌కే పెరుగుతుంది. తెల్లకణాలు స్టెరాయిడ్‌కే పెరుగుతాయి. ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష కాస్త నయం. అది తక్కువగా ఉంటే బ్యాక్టీరియా లేదేమోనని ధైర్యం చేసి మందు ఆపొచ్చు. ఎక్కువగా ఉన్నంత మాత్రాన బ్యాక్టీరియా ఉందని గట్టిగా అనలేం, కిడ్నీలు దెబ్బతిన్నా, మనిషి బాగా సీరియస్ అయినా అది పెరుగుతుంది.

పైన ఇచ్చిన శాతాలనూ ఈ కళ్లతోనే చూడాలి. కల్చర్ అందరికీ పంపరు, పంపినా చాలాసార్లు సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాక పంపుతారు. అప్పటికి న్యుమోకాకస్ ఉన్నా చచ్చిపోయి ఉంటుంది, ప్లేటు మీద మొలవదు. కాబట్టి 3.5 శాతం కొంచెం తక్కువ లెక్కే కావచ్చు. అటువైపు, మందులు వేసినా తగ్గనివాళ్లకే కల్చర్లు పంపితే మొండి క్రిముల శాతం ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది.

సరే, బాబాయి రిపోర్టులో ఆ ఐ. మామూలుగా ఐ అంటే డోసు పెంచితేనో, మందు బాగా చేరే చోటైతేనో పనిచేయొచ్చని. కొలిస్టిన్ దగ్గర మాత్రం దానికి వేరే కథ ఉంది. 2020లో ల్యాబు పరీక్షలకు హద్దులు నిర్ణయించే అమెరికా ప్రమాణాల సంస్థ కొలిస్టిన్‌కు ఎస్ అన్న గడినే తీసేసింది. ఆ మందు ఊపిరితిత్తుల్లోకి సరిగ్గా చేరదు, కిడ్నీలను దెబ్బతీస్తుంది, 'పనిచేస్తుంది' అని సంతకం పెట్టేంత నమ్మకం దాని మీద లేదని. అంటే ఆ పద్ధతి పాటించే ల్యాబులో కొలిస్టిన్‌కు వచ్చే అతి మంచి మార్కు ఐ. మావాడు దాన్ని సగం మార్కు అనుకుని భయపడ్డాడు.

రెండు రోజుల తర్వాత ల్యాబు వాళ్లు ఇంకో ప్లేటు వేశారు. సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ అనే జంట మందుకు ఆర్. అజ్‌ట్రియోనామ్‌కు ఆర్. ఆ రెండు బిళ్లలనూ పక్కపక్కన పెట్టారు. మర్నాడు ఆ రెండింటి మధ్య మాత్రం పచ్చిక మొలవలేదు, వలయం ఒకదాని వైపు ఇంకోటి ఉబ్బినట్టు వచ్చింది. దాని వెనక లెక్క ఇది: ఢిల్లీ పేరు పెట్టిన ఎన్‌డీఎం అనే ఎంజైము మెరోపెనెం లాంటివన్నిటినీ నరికేస్తుంది గానీ అజ్‌ట్రియోనామ్‌ను ఏమీ చేయలేదు. అజ్‌ట్రియోనామ్‌ను నరికే వేరే ఎంజైములు అదే క్రిమిలో ఉంటాయి. వాటి నోరు అవిబాక్టమ్ కట్టేస్తుంది. విడివిడిగా పనికిరాని రెండు మందులు కలిస్తే పనిచేస్తాయి. కాగితం మీద మాత్రం రెండూ ఆర్‌లే.

ఆ రెండూ కలిపి ఎక్కించారు. ఖర్చు గురించి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. బాబాయి 34వ రోజున ఇంటికొచ్చాడు, పద్దెనిమిది కిలోలు తగ్గి. ఆ ఆసుపత్రి ఫైలు పిన్ని బీరువాలో దాచింది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు తీసి తిరగేశాను. మొదటి పేజీలో, చేరిన రోజు రాత్రి రాసిన మందుల్లో సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఉన్నాయి. ఆరో రోజు మెరోపెనెం మొదలైంది. మొదటి కల్చర్ పదో రోజున పంపారు.